గుట్టెక్కిన గంధం

అలీ సాహెబ్ బండి ఆ ఉదయం కూడా నాపరాయి మీంచి వెల్లకిలా పడింది.

పడ్డాక కూడా దాని చక్రాలు నాలుగూ గాలిలో నింపాదిగా తిరుగుతూనే ఉన్నాయి. ఆ బండికి తొందరంటే ఏమిటో తెలియదు. తొందరపడే బొమ్మ కార్లు బజార్లో బోలెడు దొరుకుతాయి, గోడకు గుద్దుకుని ఒక్క పూటలో మూలపడతాయి. ఇది రాళ్లెక్కడానికి పుట్టిన బండి. పుట్టిందనడం కూడా తొందరే, అలా పుట్టించి తీరాలని అరవై దాటిన మనిషి నెలల తరబడి పంతం పట్టిన బండి. ఆయన రిమోట్ పక్కన పెట్టి, కూర్చున్న చోటినుంచే చేతికర్ర చాచి దాన్ని మళ్లీ చక్రాల మీద నిలబెట్టాడు. లేచి వెళ్లడానికి మోకాళ్లు ఒప్పుకోవు. పోయిన ఉరుసులో గుట్ట దిగినప్పటినుంచీ వాటిది ఇదే వరస.

"ఏమయ్యా, పరుపు కుట్టించుకునేవాళ్లు వస్తే ఈ బొమ్మను చూపించి పంపుతావా?" అంది జానీబీ ఇంటి గడపలోంచి.

"బొమ్మ అనకు."

"మరేమనను? నీ రెండో పెళ్లామా?"

పక్కన కూర్చుని పరుపు అంచు కుడుతున్న కూతురు షిరీన్ తల వంచుకుని నవ్వింది. ఇరవై ఏళ్ల పిల్ల. ఇంటర్ అయ్యాక తండ్రి షెడ్డులోనే కూర్చుంటోంది. ఆమె దబ్బనం దించితే కుట్టు గీత గీసినట్టు పడుతుందని దాచేపల్లిలో అందరికీ తెలుసు. ఆ సంగతి తండ్రి మాత్రం ఎప్పుడూ పైకి అనలేదు.

రోడ్డు పక్క రేకుల షెడ్డులో సగం దూది ఏకే మిషన్‌ది, మిగతా సగం ఈ బండి సామానుది. టీవీలు, ఫ్యాన్లు బాగుచేసే కోటి షాపులో ఒకరోజు ఏదో సీడీ ఆడుతుంటే, మోకాలెత్తు బండ్లు కొండరాళ్లను పట్టుకుని పాకడం చూశాడు అలీ సాహెబ్. చూసి, చేతిలో టీ చల్లారిపోయేదాకా తాగడం మర్చిపోయాడు. ఆ రోజునుంచి ఆయనకు ఇదే పిచ్చి. మోటార్లు రెండూ పాత రిమోట్ కార్లలోంచి తీసి కోటి ఇచ్చినవే. కానీ వాటి పరుగును బలంగా మార్చింది అలీ సాహెబ్. టేబుల్ ఫ్యాను మెడను అటూ ఇటూ తిప్పే చిన్న గేరు పెట్టె ఉంటుందే, అలాంటిదొకటి ముందు ఇరుసుకు, ఒకటి వెనక ఇరుసుకు బిగించాడు. మోటారు గిర్రున తిరిగితే చక్రం ఆవలిస్తూ కదులుతుంది. ఎంత ఏటవాలులో ఆపినా వెనక్కి జారదు, ఆపినచోటే నిలబడుతుంది. ఇరుసులు పరుపులు కుట్టే దబ్బనాలు. చట్రం పత్తికి మందు కొట్టే పంపు గొట్టం, స్ప్రింగులూ ఆ పంపువే. బరువు నేలకు దగ్గరగా ఉండాలని ఎమర్జెన్సీ లైటు బ్యాటరీని అడుగున కట్టాడు. సైకిల్ ట్యూబు ముక్కలు కుట్టి, వాటిమీద పాత హవాయి చెప్పుల అడుగులు కోసి అంటిస్తే టైర్లయ్యాయి.

టైర్లలో దూది. అక్కడే వచ్చింది పేచీ.

"అందులో స్పాంజి పెడతారు బాబాయ్," అని కోటి మొదట్లోనే చెప్పాడు.

"నా షెడ్డులో స్పాంజి పేరెత్తకు," అన్నాడు అలీ సాహెబ్. ఫోము పరుపులు ఊళ్లోకి వచ్చినప్పటినుంచీ ఆయనకు ఆ మాట వింటే ఒళ్లు మంట. దూదేకులవాడి ఇంట్లో తయారైన టైరులో దూది కాక మరేముంటుంది? ఉంటే ఉత్త దూది కాదు, మూడుసార్లు ఏకిన మేలురకం. దాన్ని కర్రతో పొడిచి పొడిచి, ఇంకో పోచ కూడా పట్టనంత గట్టిగా కూరాడు. పరుపు మీద గుద్దితే పిడికిలి తిరిగి రావాలనేది ఆ ఇంటి పనితనం. టైరును గుద్దితే నిజంగానే పిడికిలి తిరిగొచ్చింది. బండి కూడా ప్రతి నాపరాయి మీంచీ అలాగే తిరిగొస్తోంది.

ఆ సాయంత్రం అమానుల్లా వచ్చాడు. సున్నపు బట్టీ ఉన్నవాడు, గుట్టమీది దర్గాకు ఉరుసు కమిటీ పెద్ద. వచ్చి, కుట్టి పెట్టిన పరుపు మీద కూర్చుని, కాసేపు ఎండల గురించి మాట్లాడాడు. మిరప కల్లాల ఘాటు గాలికి దగ్గాడు. అలీ సాహెబ్‌కు అప్పుడే అర్థమైంది. ఎండల గురించి మాట్లాడటానికి అమానుల్లా రాడు.

"అన్నా, ఆదివారం గంధం. మొదటి గిన్నె సంగతి మాట్లాడదామని."

"మాట్లాడేదేముంది? మా ఇంటిదేగా."

"మీ ఇంటిదే. కాదన్నదెవరు? ఎత్తేదెవరని."

ఆ గుట్టకు మెట్లు లేవు. కట్టకూడదని పాతవాళ్ల మాట. గంధం గిన్నెను కింద ఎత్తిన ఇల్లే పైన దించాలి. మధ్యలో ఇంకో ఇంటి చెయ్యి దానిమీద పడకూడదు, గిన్నె నేలకు తగలకూడదు. దించిన మనిషి తన అరచేతిని గంధంలో అద్ది దర్గా గోడమీద అచ్చు వేస్తాడు. ఆ గోడకు ఎవరూ సున్నం కొట్టరు. అలీ సాహెబ్ తాత చేతులు, తండ్రి చేతులు, ఆయన చేతులు ఆ గోడమీద వరసగా ఉన్నాయి. పాతవి మసకబారి, కొత్తవి పచ్చగా. ఒక్క ఏడు ఆ ఇంటివాళ్లు గిన్నె ఎక్కించలేకపోయారా, వంతు పక్క ఇంటికి పోతుంది. పోయిందంటే మళ్లీ రాదు. ఆ పక్క ఇల్లు అమానుల్లాది.

"పిల్ల లేదా ఏంటి?" అంది జానీబీ లోపలినుంచి.

"ఆడపిల్ల గిన్నె ముట్టే ఆనవాయితీ ఎక్కడుంది వదినా?" అన్నాడు అమానుల్లా, నొప్పించకుండా చెప్పినట్టే.

అలీ సాహెబ్ కూడా తలూపాడు. అదే బాధ. తన వంతు పోతోందని తెలిసి కూడా, ఆ మాటలో తప్పేముందో ఆయనకు తట్టలేదు. షిరీన్ చేతిలో దబ్బనం పరుపులో సగం దిగి ఆగింది. కాసేపటికి మళ్లీ కదిలింది.

"నువ్వా ఎక్కలేవు. కొడుకుల్లేరు. ఈసారికి మేం ఎత్తుకుంటాం, నీ పేరే చెబుతాంలే," అన్నాడు అమానుల్లా.

నీ పేరే చెబుతాంలే అన్నాడు చూడండి, అక్కడ తెగింది అలీ సాహెబ్‌కు.

"నా బండి ఎక్కిస్తుంది," అన్నాడు.

"ఏ బండి?"

అలీ సాహెబ్ కర్రతో చూపించాడు. మూలన చెప్పుల టైర్లతో, ఫ్యాను గేర్లతో నిలబడి ఉన్న దాన్ని చూసి అమానుల్లా కళ్లు తుడుచుకునేంత నవ్వాడు. నవ్వి, తెలివిగలవాడు కనుక ఒక్క క్షణం ఆలోచించి, ఒప్పేసుకున్నాడు.

"సరే అన్నా. కింద ఎత్తి దానిమీద నువ్వే పెట్టు. కానీ ఒక షరతు. మధ్యలో గిన్నె పడినా, మీ ఇంటివాళ్లు కాక ఇంకెవరైనా చెయ్యి వేసినా వంతు మాది. కమిటీలో అందరి ముందూ చెబుతా."

"చెప్పుకో."

అమానుల్లా వెళ్లిపోయాక అలీ సాహెబ్ మూలనున్న బండివంక చూశాడు. నాపరాయి ఎక్కలేని బండిని గుట్ట ఎక్కిస్తానని మాటిచ్చాడు. ఈసారి జానీబీ కూడా ఎగతాళి చెయ్యలేదు. దానికి ఇంకా భయమేసింది ఆయనకు.

మర్నాడు కోటి తన స్కూటరు మీద అలీ సాహెబ్‌ను, బండిని పాత క్వారీ అంచుకు తీసుకెళ్లాడు. షిరీన్ నడిచి వచ్చింది. సున్నపురాయి తవ్వి వదిలేసిన చోటు అది, బండరాళ్లకు కరువులేదు. గుట్టమీద నున్నబండ అని ఒకటుంది, అందరూ చేతులు ఆనించి పాకే బండ. అలాంటి వాలే చూసి పెట్టారు. బండి ముందు చక్రాలు మోపింది, రెండు బారలు ఎక్కింది, చెప్పుల అడుగులు కీచుమన్నాయి, పక్కకు జారి దొర్లింది. మళ్లీ పెట్టారు. మళ్లీ దొర్లింది.

"బలం చాలడం లేదేమోరా కోటీ."

"బలముంది బాబాయ్. పట్టే లేదు."

అలీ సాహెబ్ ఇంకొంచెం దూది తీసి, ఇంకా గట్టిగా కూరదామన్నాడు. షిరీన్ బండిని ఒళ్లో పెట్టుకుని, నడుముకున్న చిన్న కత్తెరతో ముందు టైరు కుట్టు విప్పింది. వేళ్లు పెట్టి లోపలి దూదిని బయటికి లాగడం మొదలుపెట్టింది. గుప్పెడు, ఇంకో గుప్పెడు. పరుపుల ఇంట్లో పుట్టి ఎవరైనా చేసే పనేనా అది!

"ఏం చేస్తున్నావే? సగం నింపి కుడతావా? ఊళ్లో ఎవరన్నా చూస్తే మన ముఖాన ఉమ్మేస్తారు!"

"దీనిమీద ఎవరూ పడుకోరు నాన్నా," అంది షిరీన్. "చూడు, మనం చెప్పుల్లేకుండా బండరాయి ఎక్కుతామా, అరికాలు మెత్తగా రాయి మీద పరుచుకుంటుంది. నువ్వేమో దీనికి మడమలు పెట్టావు."

మిగిలిన దూదిని వేళ్లతో విడదీసి, ఒకచోట ముద్దకట్టకుండా పరుపుకు వేసినట్టే లోపలినుంచి అక్కడక్కడా ముడి కుట్లు వేసింది. నాలుగు టైర్లూ అలాగే చేసింది. నేలమీద పెడితే అవి ఉసూరుమన్నట్టు చదునుగా ఒదిగాయి. చూడటానికి అసహ్యంగా ఉంది. అలీ సాహెబ్ ముఖం తిప్పుకుని రిమోట్ నొక్కాడు.

బండి బండమీదికి వెళ్లింది. మెత్తని టైరు రాతి అంచును తాకి, లోపలికి నొక్కుకుపోయి, ఆ అంచు ఆకారంలోకి తానే వంగి, దాన్ని పట్టుకుంది. నిజంగా పట్టుకుంది, వేళ్లతో పట్టుకున్నట్టు. ఒక చక్రం ఎత్తు మీద, ఒకటి గుంటలో, చట్రం అటు ఒరిగి ఇటు ఒరిగి, ఫ్యాను గేర్లు సన్నగా గురగురమంటుండగా ఎవరినీ పట్టించుకోకుండా పైకి పోయింది. వాలు చివర కాసేపు ముక్కు ఆకాశానికి ఎత్తి నిలబడి, ముందుకు వంగి, బండమీద నాలుగు కాళ్లూ మోపింది.

అలీ సాహెబ్ రిమోట్ ఒళ్లో పెట్టుకుని బండినే చూశాడు. అందులో ఉన్న ప్రతి ముక్కా ఆయనకు తెలుసు, ఏ గొట్టం ఎవరి చేలోదో, ఏ చెప్పు ఎవరి కాలిదో కూడా చెప్పగలడు. అన్నీ తెలిసినవే, అయినా ఆ కదలిక ఎక్కడినుంచి వచ్చిందో ఆయనకు తెలియలేదు.

"అల్లా," అన్నాడు చివరికి, చాలా చిన్నగా. "నాకంటే బాగా ఎక్కుతోందే."

సంతోషంలో ఒక చిక్కు బయటపడింది. రిమోట్‌కు ఎంత రాగితీగ చుట్టినా దాని కేక రోడ్డు దాటినంత దూరమే వినపడుతోంది బండికి. ఆ తర్వాత ఆగిపోతోంది.

"నువ్వు వెంట నడవాలి నాన్నా," అంది షిరీన్.

"కూర్చుని పాకుతా. నువ్వా బెంగ పెట్టుకోకు."

ఇక గిన్నె పెట్టే చోటు. జానీబీ ఎప్పుడు కుట్టిందో ఏమో, చిన్న చుట్టకుదురు తెచ్చి బండి మధ్యలో కట్టింది. నీళ్లబిందె కింద తలమీద పెట్టుకునేదే, గిన్నె సైజులో. "బిందెలు మోసింది మేమేగా," అంది, ఎవరూ అడక్కపోయినా.

ఆదివారం పొద్దున జానీబీ కూతురికి తలంటి పోసింది. తెల్ల ఓణీ ఇచ్చి, గోళ్లు తీసుకోమంది. గిన్నె మోసేది బండి, నడిపేది తను, ఈ పిల్లకు ఇంత శుద్ధి ఎందుకో అలీ సాహెబ్‌కు అర్థం కాలేదు. ఆయన బుర్ర నిండా నున్నబండే ఉంది.

పొద్దు వాలకముందే గుట్ట కింద జనం నిండారు. దర్గా చూసుకునే ముజావర్ బుడాన్ సాహెబ్ ఫాతిహా చదివాడు. అలీ సాహెబ్ రెండు చేతులా గంధం గిన్నె ఎత్తి, కళ్లకద్దుకుని, చుట్టకుదురులో కూర్చోబెట్టాడు. చుట్టూ నవ్వులు వినపడ్డాయి. రిమోట్ నొక్కగానే బండి కదిలింది.

ప్రతి ఏడూ గంధం గుట్టెక్కడమంటే పరుగే. డప్పులు తరుముతాయి, కుర్రాళ్లు అరుస్తారు, గిన్నె ఎత్తినవాడు ఊపిరందక చస్తాడు. ఈ ఏడు ముందున్నదానికి తొందర తెలియదు. డప్పులవాళ్లు కాసేపు పాత దరువే వేసి, బండిని దాటిపోయి, వెనక్కి వచ్చి, చివరికి దరువు తగ్గించారు. ఎప్పుడూ కిందే ఆగిపోయే ముసలమ్మలు కూడా మెల్లగా వెంట వస్తున్నారు. బండి ఒక రాయిని తడిమి, ఒదిగి, పట్టుకుని, ఎక్కి, ఇంకో రాయిని తడిమేది. నవ్వులు ఎప్పుడు ఆగిపోయాయో ఎవరూ గమనించలేదు. అలీ సాహెబ్ కూర్చునే, చేతులు వెనక్కి ఆనించి, ఒక్కో రాయీ జరుగుతూ నున్నబండ మొదటిదాకా వచ్చాడు.

అక్కడ బండి వెనక చక్రం ఒకటి గాలిలో లేచింది. గిన్నె ఒరిగింది. గంధం అంచుదాకా వచ్చి నిలిచింది. ఎవరో "అయ్యో" అన్నారు. అలీ సాహెబ్ బొటనవేలు తీసేశాడు. బండి ఆ వాలు మీద, ఆ ఒరుగులోనే, కదలకుండా నిలబడింది. చుట్టకుదురు గిన్నెను వదల్లేదు. ఆయన మళ్లీ మెల్లగా నొక్కాడు. లేచిన చక్రం వచ్చి రాతిని అందుకుంది. నున్నబండ దాటింది బండి. గుంపంతా ఒక్కసారి ఊపిరి వదిలింది.

బండపైన దారి మలుపు తిరుగుతుంది. మలుపు దగ్గర బండి ఆగిపోయింది. రిమోట్ ఎంత నొక్కినా కదల్లేదు. కేక అందడం లేదు. అలీ సాహెబ్ లేవబోయాడు. మోకాలు మడతపడి చతికిలబడ్డాడు. నున్నబండ మీద అరచేతులు ఆనించి చూశాడు, జారాయి. ఎన్నేళ్లు ఎక్కాడో ఈ బండ! కళ్లలో నీళ్లు తిరిగాయి, దాచుకోలేదు.

"ఇక చాల్లే అన్నా," అన్నాడు అమానుల్లా. ఈసారి గొంతులో ఎగతాళి లేదు. "ఇంతవరకూ వచ్చింది. అదే గొప్ప."

అలీ సాహెబ్ పైకి చూశాడు. పైన పచ్చ జెండా కొస కనపడుతోంది. పక్కకు చూశాడు. షిరీన్ నిలబడి ఉంది. ఇవ్వు అనలేదు, చెయ్యి చాచలేదు. బండివంకే చూస్తోంది, టైర్లు ఎలా ఉన్నాయోనని.

"పట్టు," అన్నాడాయన, రిమోట్ ఇచ్చి.

"చెయ్యి మారింది!" అన్నారెవరో వెనకనుంచి.

ముందు నడుస్తున్న బుడాన్ సాహెబ్ సాంబ్రాణి పాత్ర పట్టుకుని వెనక్కి తిరిగాడు. "గిన్నె మీద ఎవరి చెయ్యన్నా పడిందా? ఇల్లేమన్నా మారిందా? పదండి పదండి, నిప్పు ఆరిపోతోంది."

షిరీన్ చెప్పులు విప్పి నున్నబండ ఎక్కింది. ఆమె దగ్గరికి రాగానే బండి నిద్రలేచినట్టు కదిలింది. ఇద్దరూ మలుపు తిరిగారు. జనమంతా వెంట వెళ్లారు. గేర్ల గురగుర సన్నగిల్లి, ఆ తర్వాత వినపడలేదు.

బండ కింద అలీ సాహెబ్, జానీబీ మిగిలారు. ఆయన మనసు ప్రతి రాయీ ఎక్కుతోంది. ఇప్పుడు చింతచెట్టు రాయి. ఇప్పుడు చీలిక. ఇప్పుడు దర్గా వాకిలి. వాకిట్లో చెక్క పీట, పీటమీదికి గిన్నె...

ఆయన జానీబీ భుజం పట్టుకున్నాడు.

"జానీబీ! పైన గిన్నె దించేదెవరు?"

జానీబీ కొంగుతో ఆయన మోకాలికి అంటిన దుమ్ము దులుపుతోంది. తలెత్తలేదు.

"బండికి చేతులెక్కడున్నాయయ్యా?" అంది.

అలీ సాహెబ్‌కు పొద్దుటి సంగతులు ఒక్కొక్కటీ గుర్తొచ్చాయి. తలంటు, తెల్ల ఓణీ, తీసిన గోళ్లు. ఇన్ని గేర్లు లెక్కవేసినవాడికి ఇది తట్టలేదు. పైన ఇప్పుడు ఏమవుతోంది? ఆపుతారా? పిల్లను నలుగురిలో నిలబెట్టి మాటలంటారా? గాలి కూడా ఆగినట్టుంది. గిన్నె దించగానే దర్గాలో పెద్ద నగారా మోగాలి. మోగదేం?

మోగింది. గుట్టంతా అదిరేలా మోగింది. అలీ సాహెబ్ రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు.

అందరికంటే ముందు అమానుల్లా దిగివచ్చాడు. వచ్చి, పక్కన రాతిమీద కూర్చుని, చొక్కా గుండీ విప్పుకుని గాలి విసురుకున్నాడు.

"బుడాన్ మామ దించమన్నాడు," అన్నాడు చివరికి. "ఎవరూ ముందుకు రాలా. ఎట్టా వస్తాం? మీ ఇంటివాళ్లు కాక ఇంకొకరి చెయ్యి పడకూడదని షరతు పెట్టింది నేనే గదా. ఇక ఆ పిల్లే దించింది." గుట్టపైకి చెయ్యెత్తి చూపించి, "నీ చేతి పక్కనే అచ్చు వేసింది అన్నా. చిన్న చెయ్యి. గోడ మీద అంత చిన్నది ఇంకోటి లేదు," అన్నాడు. ఆయన గొంతులో ఓడిపోయిన కోపం ఉందేమోనని అలీ సాహెబ్ వెతికాడు. ఉన్నది అది కాదు. ఏదో చూసి వచ్చిన మనిషి గొంతు అది.

చాలాసేపటికి గురగుర వినపడింది. బండి మలుపు తిరిగి, నున్నబండ మీద ముక్కు కిందికి పెట్టి, ఒక్కో రాయీ తడుముకుంటూ దిగింది. దానిమీది గిన్నెలో అడుగున కాస్త గంధం మిగిలి ఉంది. వచ్చి అలీ సాహెబ్ కాలి దగ్గర ఆగింది. వెనకే షిరీన్. రిమోట్ మీద పసుపుపచ్చని వేలిముద్రలు. ఆయన ఆమె కుడిచెయ్యి లాగి, గంధం ఆరిన అరచేతిని తన అరచేతిలో ఆనించి చూసుకున్నాడు. వేళ్లు ఆయన వేళ్ల మధ్య కణుపుదాకే వచ్చాయి. దబ్బనం పట్టి కాయలు కాసింది మాత్రం సరిగ్గా ఆయనకున్న చోటే.

"నీ కుట్టు నాకంటే బాగుంటుందే," అన్నాడు. ఆ మాట ఇప్పుడెందుకో షిరీన్‌కు అర్థం కాలేదు, కానీ ఏడుపొచ్చింది.

"వచ్చే ఏడు దీంతో పనిలేదుగా బాబాయ్," అన్నాడు కోటి, బండిని చంకలో పెట్టుకుంటూ. "గిన్నె పాపే ఎత్తుద్ది."

"పని లేకపోవడమేంట్రా? నన్ను మోసేంత పెద్దది చేద్దాం. గోడమీద ఆ చెయ్యి నేను చూడొద్దూ?"

"అంత పెద్ద టైర్లా! వాటిలో ఏం కూరతావ్?"

"దూదే," అన్నాడు అలీ సాహెబ్. కూతురివంక చూసి, "వదులుగా," అన్నాడు.